హారన్ మీద చిన్నమ్మ చెయ్యి

మా చిన్నమ్మ పోయింది. ఇస్నాపూర్‌లో మా షెడ్డు షట్టరు సగం ఎత్తానో లేదో తమ్ముడి ఫోన్ వచ్చింది. తమ్ముడంటే ఆమె కొడుకు. "అక్కా, అమ్మ లేస్తలేదు" అన్నాడు ముందు. తర్వాత "ఇగ లేవదంటున్నరు" అన్నాడు. నేను షట్టరు అట్లాగే పట్టుకుని నిలబడిపోయాను. నా వెనకాల టిఫిన్ డబ్బాతో నిలబడ్డ యాదమ్మ, "ఎత్తు బిడ్డా, ఎండల నిలవెడ్తవా ఏంది" అని కసురుకుంది. షెడ్డులో అందరికంటే పాత మనిషి ఆమె. ఫోన్ ఆమె చేతికిచ్చాను.

చిన్నమ్మను ఆమె పుట్టిన ఊరు లక్డారానికి తీసుకుపోయాం. ముందు డప్పులు నడిచాయి. ఆమే ఉంటే ఊరేగింపు మధ్యలో ఆపేసి, "కుడి దిక్కు డప్పు సరిగ కాగలేదు, జెర మంటకు వెట్టు" అని చెప్పి ఉండేది. కుడివైపు డప్పు నిజంగానే మెత్తగా మోగింది. ఆ సంగతి నాకు తెలిసిందంటే అది ఆమె పుణ్యమే. అంత ఏడుపులో కూడా నా చెవి ఆ డప్పు మీదికే పోయింది.

మీలో ఎవరూ ఆమెను ఎరిగి ఉండరు. కానీ పటాన్‌చెరు నుంచి జహీరాబాద్ దాకా ఏ జాతరలోనో, దర్గా ఉర్సులోనో, ఓట్ల మీటింగులోనో మైకు విని ఉంటే, ఆమె చేతి పని మీ చెవిన పడే ఉంటుంది. మైకుసెట్టు వాళ్లు స్తంభాలకు కట్టే గరాటు లాంటి హారన్లు చూసే ఉంటారు. దాని వెనక గుండ్రటి డబ్బాలో ఒక పలచటి పొర ఉంటుంది. సన్నటి రాగితీగను చుట్టి ఆ పొరకు అంటిస్తారు. అది వణికితేనే మనిషి గొంతు బయటికి వస్తుంది. వాడగా వాడగా చినుగుతుంది, కాలుతుంది, కొత్తది వెయ్యాలి. ఆ పొరలు చేసే షెడ్డు మాది. షెడ్డులో మేము వాటిని పీసులు అనేవాళ్లం.

పటాన్‌చెరులో ఒక మోటార్ల కంపెనీలో చిన్నమ్మ రాగితీగ చుట్టడం నేర్చుకుంది. ఆ కంపెనీకి తాళం పడ్డాక తనతో పాటు పని పోయిన ఆడవాళ్లను వెంటేసుకుని ఇస్నాపూర్‌లో ఈ రేకుల షెడ్డు కిరాయికి తీసుకుంది. నేను ఆమె అక్క కూతురిని. ఆర్డర్లు చూసుకోవడం, వ్యాను నడపడం, ఆమెతో గొడవపడటం నా పనులు. మూడింటిలో ఆఖరిదే ఎక్కువ చేశాను.

గొడవలన్నిటికీ మూలం ఒకాయన. ఆయన ఖవ్వాలీ పాడతారు. బీదర్ దిక్కు మనిషి, తెల్ల గడ్డం, పాడేటప్పుడు ఎడమ చెయ్యి చెవి మీద పెట్టుకుంటారు. చిన్నమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, పక్క ఊరి ఉర్సులో వాళ్ల నాయన భుజాల మీద కూర్చుని మొదటిసారి ఆయన పాట విన్నదట. అంతే, ఇక దిగలేదు. ఆ ఉర్దూలో ఆమెకు సగం కూడా అర్థం కాదు. "ఏం సమజ్ అయితదని గంత దూరం పోతవు?" అని నేను వెక్కిరిస్తే, "వానకు అర్థం ఉంటదా బిడ్డా? తడుస్తలేమా?" అనేది. నాకు ఇంకా కోపం వచ్చేది.

మిగతా కంపెనీల వాళ్లు దుకాణాలను చూసుకుని బండి తిప్పుతారు. మా చిన్నమ్మ ప్రోగ్రాములను చూసుకుని తిప్పేది. ఏ ఊళ్లో ఖవ్వాలీ ఉంటే ఆ ఊళ్లో అమ్మకం. ఆయనది దొరక్కపోతే ఒగ్గు కథ, అదీ లేకపోతే భజన. సదాశివపేట, జోగిపేట, నారాయణఖేడ్, జహీరాబాద్, ఏ ఊరికి పోయినా ముందు వరుసలో కూర్చునేది కాదు. అందరికంటే వెనక, హారన్ కట్టిన వెదురు స్తంభం దగ్గర నిలబడి, ఆ వెదురుకు అరచెయ్యి ఆనించి వినేది. ప్రోగ్రాం అయిపోగానే మైకుసెట్టు అతని దగ్గరికి పోయి, "నీ ఎడమ దిక్కు రెండోది సినిగింది, ఇప్పి సూడు తమ్మీ" అనేది. వాళ్లు నవ్వుతూనే విప్పి చూసేవారు. చూశాక మా వ్యాను దగ్గరికి వచ్చేవారు. ఇట్లా పాటా బేరమూ ఒకే దారిలో నడిచేవి. నాకు మాత్రం డీజిల్ కాలుతున్నదనే ధ్యాస ఒక్కటే ఉండేది.

షెడ్డులోనూ ఆయనే. ఏదో ఉర్సులో చిన్నమ్మ తన ఫోన్‌లో ఆయన పాట ఒకటి రికార్డు చేసుకుంది. ఆ పాట మధ్యలో ఆయన ఒక్క గుక్కలో రాగం తీస్తారు, అది మెట్టు మెట్టుగా పైకి పోతుంది, ఆయన వెనక కూర్చున్న వంతపాటవాళ్ల చప్పట్లు అందుకుంటాయి. తయారైన ప్రతి పీసునూ గోడకున్న పాత హారన్‌కు బిగించి, ఆ రాగం పెట్టి, హారన్ వీపు మీద అరచెయ్యి వేసి వినేది. రాగం నున్నగా పోతే పీసు పాస్. పొద్దున నుంచి సాయంత్రం దాకా అదే రాగం. ఇంట్లో కూర మాడుతున్నా నాకు ఆ రాగమే వినిపించేది. పక్క షెడ్డులో ప్లాస్టిక్ మూతలు పోసే బిహారీ కార్మికులు కూడా దాన్ని కూనిరాగం తీసేవారు.

అట్లాంటి రోజుల్లో బయటి నుంచి రెడీమేడ్ పీసులు దిగాయి. మా ధరలో సగం. మైకుసెట్టు వాళ్లు మొహమాటంగా నవ్వి తప్పుకోవడం మొదలైంది. ఏడెనిమిది మంది ఆడవాళ్లు పనిచేసే షెడ్డులో సగం రోజులు ఊరికే కూర్చోవాల్సి వచ్చింది. దసరాకు షెడ్డు ఖాళీ చేయాల్సిందేనని అందరికీ తెలుసు.

అప్పుడు హుమ్నాబాద్ సేటు ఒక అవకాశం ఇచ్చాడు. కర్ణాటక సరిహద్దు అవతల మూడు జిల్లాల ఉర్సులకూ, మీటింగులకూ మైకులు పెట్టే పెద్ద కాంట్రాక్టరు ఆయన. తెలుగు, ఉర్దూ, కన్నడ కలిపి మాట్లాడతాడు. "నాలుగు పీసులు ఇయ్యమ్మా. ఒక ప్రోగ్రాంల పెట్టి సూస్త. నిలవడ్డయంటె సీజనంత మాల్ నీ తాననే తీసుకుంట" అన్నాడు. ఆ ఆర్డర్ వస్తే షెడ్డు నిలబడుతుంది. రాకపోతే లేదు. అంత సాఫు సంగతి.

ఏ ప్రోగ్రాంలో పెట్టి చూడాలో చిన్నమ్మే చెప్పింది. హుమ్నాబాద్ దగ్గర ఒక చిన్న ఊళ్లో ఉర్సు ఉంది, అక్కడ ఆయన పాడుతున్నారు. "ఆయన గొంతు మీదనే పెట్టు సేటూ" అంది. ఫోన్ పెట్టేశాక నేను నెత్తి కొట్టుకున్నాను. ఏదైనా మీటింగు ఎంచుకోవచ్చు కదా, ఉపన్యాసానికి పొర చినుగుతుందా? ఆమె వినలేదు. ఆ నాలుగు పీసులనూ ఎవరినీ ముట్టనివ్వకుండా తనే చేసింది. మామూలుగా వాడేదానికంటే పలచటి పొర తీసుకుంది. పలచగా ఉంటే ఆయన రాగంలో నున్నదనం ఇంకా బాగా వస్తుందని ఆమె లెక్క. ఫోన్‌లో రికార్డు పెట్టి వినిపించింది. నిజం చెప్పొద్దూ, అంత తియ్యటి శబ్దం మా షెడ్డులో అంతకుముందు ఎప్పుడూ వినలేదు. యాదమ్మ చుట్టే తీగ వదిలేసి, "ఒదినా, ఆయన ఈడనే కూసున్నట్టున్నది" అంది.

పీసులను ముందే సేటుకు పంపి, ఉర్సు రోజు పొద్దున మేమిద్దరం వ్యానులో బయలుదేరాం. చిన్నమ్మ నీలం అంచు చీర కట్టుకుంది. ఒళ్లో కవరు. అందులో కొత్త శాలువా. ప్రోగ్రాం అయ్యాక ఆయనకు కప్పాలట. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆయన ముందుకు పోయింది కాదు. ఈసారి పోతానంది. "ఏమని చెప్తవు?" అని అడిగాను. "హారన్లు జేసేదాన్నని చెప్త. గంతే." సంగారెడ్డి దాటేదాకా నాతో మాట్లాడింది. సదాశివపేట నుంచి ఆయన పాటలు మొదలుపెట్టింది. జహీరాబాద్ వచ్చినా నా మనసు షెడ్డు మీదే ఉంది. షెడ్డులో ఆడవాళ్లంతా పొద్దున గేటు దాకా వచ్చి, మమ్మల్ని సాగనంపారు. వాళ్ల చూపులే నా మెడ మీద కూర్చున్నాయి.

మబ్బు పట్టి ఉందని, రాత్రికి వాన వస్తుందేమోనని దర్గా కమిటీ వాళ్లు మధ్యాహ్నం నమాజు కాగానే ప్రోగ్రాం మొదలుపెట్టారు. మైదానం నిండా జంపఖానాలు పరిచారు. వేదిక పక్కన రెండు సౌండు బాక్సులు, దూరంగా కూర్చునే వాళ్ల కోసం నాలుగు స్తంభాలకు నాలుగు హారన్లు. ఆ నాలుగింటిలోనూ మా పీసులే. ఒక పక్క ఎండకూ వానకూ కట్టిన తాటిపత్రి పట్టా కింద మైకు మిషన్లు పెట్టుకుని సేటు మనిషి కూర్చున్నాడు. సేటు కుర్చీ వేసుకుని, పాన్ నములుతూ మాకు కూడా కుర్చీలు వేయించాడు. చిన్నమ్మ కూర్చోలేదు. స్తంభం దగ్గరికి పోయి చెయ్యి ఆనించింది.

ఆయన వచ్చి కూర్చున్నారు. ముసలితనం మీద పడింది, ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. మొదటి పాట బాగా పోయింది. మాకు పక్కనే ఉన్న హారన్‌లోంచి ఆయన గొంతు ఎంత నిండుగా వచ్చిందంటే, నాకే ఒళ్లు జలదరించింది. చిన్నమ్మ నావైపు చూసి కళ్లతోనే నవ్వింది. సేటు కూడా తల ఊపాడు. నేను మనసులోనే యాదమ్మకు ఫోన్ చేసేశాను.

రెండో పాటలో వేదిక మీద ఆయన వెనక కూర్చున్నవాళ్లు చప్పట్లు అందుకున్నారు. పది మంది, ఒక్క చెయ్యిలాగా. ఆ చప్పట్లు నేను రికార్డులో లక్షసార్లు విని ఉంటాను. కానీ ఇవి వేరు. ఒక్కో చప్పట మొహం మీద తగిలినట్టు ఉంది. ఆ పాట సగంలో ఆయన గొంతు పైకి తీశారు, అది బొంగురుపోయింది. ఒక్క క్షణమే. కిందికి దిగగానే మళ్లీ బాగుంది. మళ్లీ పైకి పోయారు, మళ్లీ గొంతులో ఏదో గరగర.

నా ముందు కూర్చున్న ఒకతను పక్కవాడితో, "పాపం, ముసలాయన అయిపోయిండు" అన్నాడు. అటు నుంచి ఇంకొకరు, "గిప్పటికన్న బంద్ జేస్తె ఇజ్జత్ ఉంటుండె" అన్నారు. మూడో పాటకు మైదానంలో వెనక వరుసలు కదలడం మొదలైంది. మగవాళ్లు లేచి తిండి దుకాణాల వైపు నడుస్తున్నారు. ఆయనకు అది కనిపిస్తున్నట్టుంది, ఇంకా గట్టిగా పాడుతున్నారు. ఎంత గట్టిగా పాడితే అంత బొంగురు.

సేటు నావైపు వంగి, "పీసులు మంచిగున్నయమ్మా. జోర్‌దార్ ఉన్నయి. సాబ్ గొంతే పోయింది, ఏం జేస్తం, ముసలి ఉమర్ గదా. రేపు పొద్దుగాల దుకానుకు రాండ్రి, ఆర్డర్ మాట్లాడుకుందం" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పరుగులాంటి నడకతో చిన్నమ్మ దగ్గరికి పోయాను.

ఆమె మొహం చూడగానే నా నవ్వు ఆగిపోయింది. వెదురు మీద ఉన్న చెయ్యి తీయకుండానే, "సినిగింది బిడ్డా" అంది. "ఇది సినిగింది, అగో ఆ మూల మీదిది గూడ సినిగింది. ఆయన గొంతు గాదు, మనదే."

చినుగు చిన్నది. మామూలు మాటకు తెలియదు. రాగం పైకెక్కినప్పుడే గరగరమంటుంది. అందుకే అది హారన్ తప్పులా కాక గొంతు తప్పులా వినిపిస్తోంది. ఎదురుగా కనిపించేది తెల్ల గడ్డం ముసలాయన మరి. ఎవరికైనా ఇంకేం అనుమానం వస్తుంది?

"సేటు ఆర్డర్ ఇస్తనన్నడు" అన్నాను. "రేపు రమ్మన్నడు. ఏం మాట్లాడకు చిన్నమ్మా."

"ఆయన గొంతు పోయిందంటున్రు. ఇనవడ్తలేదా నీకు?"

"అననీ. ఆయనకు ఇది ఒక్క పొద్దు. మనకు షెడ్డు. యాదమ్మ ఏడికి పోతది? ఊర్లకు పోయి ఏం జెప్తవు వాళ్లకు?"

ఆమె సేటు వైపు ఒక అడుగు వేసింది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఆరోజు నేను అన్నది తప్పని ఇవాళ్టికీ అనుకోను. షెడ్డును నమ్ముకున్న ఆడవాళ్లు నాకు ఆయన కంటే ముఖ్యం. కొత్త పీసులు చేసి ఆ తర్వాత గుట్టుగా మార్చి ఇవ్వొచ్చు, ఎవరికీ నష్టం లేదు అన్నదే నా లెక్క. "తర్వాత మంచిగ జేసిద్దం" అని అదే మాట అన్నాను కూడా.

"తర్వాత ఇనేటోళ్లు వేరే బిడ్డా" అంది చిన్నమ్మ. "గీళ్లు గాదు."

అంతలో హార్మోనియం ఆ పాట ఎత్తుకుంది. షెడ్డులో మేము రోజంతా వినే పాట. ఆ రాగం వచ్చే పాట. అన్నిటికంటే ఎత్తుకు పోయేది ఆ రాగమే, చినిగిన పొర మీద అది పూర్తిగా పగిలిపోతుంది, అప్పుడు మైదానం నవ్వుతుంది. పాటలో ఆ రాగానికి ముందు నాలుగు చరణాలుంటాయి. అవి అయిపోయేలోపే ఏదైనా జరగాలి.

ఆమె నా చెయ్యి విడిపించుకుని సేటు దగ్గరికి నడిచింది. నేను వెనకే పరుగెత్తాను. "సేటూ, ఆ నాలుగు హారన్లు బంద్ చేయించు. నా పీసులు సినిగినయ్" అంది. సేటు నమలడం ఆపేశాడు. "క్యా? ప్రోగ్రాం నడుస్తుంటె బంద్ చేసుడేంది? ఎనక ఉన్నోళ్లకు ఎట్ల ఇనవడ్తది? కమిటీ వాళ్లు నా తోలు తీస్తరు. సినిగినా మంచిదే, నడవనీ, ఎవరికి ఎరుక?" "నాకు ఎరుక" అంది చిన్నమ్మ. సేటు తల అడ్డంగా ఊపి మొహం తిప్పుకున్నాడు. రెండో చరణం అయిపోయింది.

ఆమె తాటిపత్రి కిందికి పోయింది. మిషన్ల దగ్గర కూర్చున్న మనిషి లేచేలోపే హారన్లకు పోయే వైరును పట్టుకుని పీకేసింది.

నాలుగు స్తంభాలూ ఒక్కసారి మూగపోయాయి. వెనక కూర్చున్నవాళ్లు ఈలలు, కేకలు. కమిటీ మనుషులు ఇద్దరు ఉరికొచ్చి చిన్నమ్మ చుట్టూ నిలబడ్డారు. పైన ఆయన పాట ఆపేశారు. ఎడమ చెయ్యి చెవి మీది నుంచి దించి, మిషన్ల వైపు చూసి, "యే క్యా తమాషా లగాయా? గానే దేతే కి నై?" అని, అంటే ఈ తమాషా ఏంటి పాడనిస్తారా లేదా అని, కోపంగా అరిచారు. బాక్సుల్లోంచి ఆ మాట మైదానమంతా వినిపించింది. అంతా తిరిగి చిన్నమ్మనే చూశారు. జన్మలో మొదటిసారి ఆయన ఆమెతో మాట్లాడారు, ఆ మాట ఇది. ఆమె రెండు చేతులూ జోడించింది. చేతుల మధ్య ఇంకా ఆ వైరు ఉంది.

సేటు లేచి నిలబడి ఉర్దూలో కమిటీ వాళ్లకు ఏదో సర్దిచెప్పాడు. వైరు తిరిగి పెట్టాలని ఒకరు, ఆమెను బయటికి పంపాలని ఒకరు. ఇంతలో ముందు వరుసలో కూర్చున్న పెద్దమనిషి ఒకాయన లేచి, వెనకవాళ్లందరినీ ముందుకు రమ్మని చెయ్యి ఊపాడు. జనం గొణుక్కుంటూనే లేచారు, జంపఖానాల మీద మోకాళ్లు తగిలేలా దగ్గరదగ్గరగా జరిగి కూర్చున్నారు. పిల్లల్ని ఒళ్లో వేసుకున్నారు. ఆయన కాసేపు చూసి, మళ్లీ చెవి మీద చెయ్యి పెట్టుకున్నారు.

మూడో చరణం, నాలుగో చరణం. తర్వాత ఆ రాగం. మెట్టు మెట్టుగా పైకి పోయింది. ఎక్కడా గరగర లేదు. పైన ఒకచోట అది నిలబడింది, ఊపిరి అందుతుందా అని అందరమూ బిగబట్టుకున్నాం, ఇంకో మెట్టు ఎక్కింది. ముందు వరుసలో ముసలివాళ్లు రెండు చేతులూ పైకెత్తారు. ఇందాక ముసలాయన అయిపోయిండు అన్నవాడే "వాహ్" అని అరిచాడు.

చిన్నమ్మకు మాత్రం ఆ రాగం దూరం నుంచే వినిపించింది. ఆమె తాటిపత్రి దగ్గరే, కమిటీ మనుషుల మధ్య నిలబడి ఉంది. అట్లా నిలబడే కళ్లు మూసుకుంది. ఆమె చెంపల మీద నీళ్లు నేను చూశాను. సంతోషమో అవమానమో నాకు తెలియలేదు. రెండూ అయి ఉంటాయి.

ప్రోగ్రాం అయ్యాక సేటు హారన్లు దింపించి, విప్పి, రెండు చినిగిన పొరలు చిన్నమ్మ చేతిలో పెట్టాడు. "రేపు దుకానుకు రాకుండ్రి" అన్నాడు. అంతే. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నేను కవరు వైపు చూపించి, "శాలువా?" అన్నాను. "ఏ మొకం వెట్టుకొని ఇయ్యాలె? ఇప్పుడే తిట్టిండు గద" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. "వైరు ఎందుకు గుంజినవో ఆయనకు చెప్పు" అన్నాను. "ఎందుకు? నీ గొంతు పోయిందనుకున్నరని చెప్పాల్నా? వద్దు. ఏం తెల్వకుంటనే మంచిది."

తిరుగు దారిలో గతుకులు కూడా చూడకుండా వ్యాను తోలాను. నాకు కడుపు మండిపోతోంది. జహీరాబాద్ దగ్గర చాయ్ కోసం ఆపాను. ఆమె చాయ్ తాగకుండా, ఆ చినిగిన పొరను వెలుతురుకు పట్టి చూస్తూ కూర్చుంది. చినుగు అంచు చుట్టూ ఉంది. తర్వాత ఫోన్ తీసి, ఆ రికార్డు పెట్టి, చప్పట్లు వచ్చే దగ్గర ఆపింది. ఫోన్ బల్ల మీద పెట్టి తను గట్టిగా ఒక చప్పట కొట్టింది. హోటల్ మొత్తం మావైపు తిరిగింది. "సూడు" అంది. "ఫోన్ల సప్పట్లు సచ్చిపోయినయ్. అసలు సప్పట గిట్ల తగుల్తది. నేను గొంతు ఒక్కటే ఇన్న బిడ్డా. గొంతు కోసం పలుచగ జేసిన. ఎనక సప్పట్లు గొట్టేటోళ్లను మర్చిపోయిన. వాళ్లు లేకుంటె ఆయన ఏడ పాడ్తడు?"

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహంలో కాస్త వెలుగు కనిపించింది, దాని మీద నాకు ఇంకా కోపం వచ్చింది. షెడ్డు పోతోంది, ఈమె చప్పట్ల గురించి మాట్లాడుతోంది.

మర్నాడు షెడ్డుకు పోయి, ఉర్సులో జరిగింది జరిగినట్టు అందరికీ తనే చెప్పింది. యాదమ్మ "మరి ఆయన మంచిగ పాడిండా ఆఖరుకు?" అని అడిగింది. "పాడిండు" అంది చిన్నమ్మ. ఆ రోజే ఫోన్ రికార్డు తీసేసింది. ఒక పాత మైకు తెచ్చి, దాని ముందు ఆడవాళ్లందరినీ ఖవ్వాలీ పార్టీలాగా కూర్చోబెట్టింది. పొర అంచు మందం చేసి, పీసు హారన్‌కు బిగించి, "గొట్టుండ్రి" అంది. మొదటిరోజు ఒక్కొక్కరిది ఒక్కో తాళం. వారం తిరిగేసరికి పది మంది పార్టీలాగా కొట్టడం వచ్చింది. చప్పట్లకు మేము, రాగానికి ఆమె. ఆమె గొంతు బాగుండేది కాదు. గరుకుగా ఉండి, మధ్యలో విరిగేది. మేము నవ్వితే, "నా గొంతు పగిలినట్టే ఇనవడాలె. మంచి గొంతు మంచిగనే ఇనవడాలె. మన పీసు అబద్ధం ఆడొద్దు" అనేది. హారన్ వీపు మీద చెయ్యి పెట్టి, పగిలిన ఆ గొంతుతోనే పైమెట్టు దాకా పోయేది.

హుమ్నాబాద్ సేటు మళ్లీ రాలేదు. ఎప్పటికైనా వస్తాడని నేను చాలాకాలం చూశాను. దసరాకు ముగ్గురు ఆడవాళ్లు వేరే కంపెనీలకు పోయారు. చిన్నమ్మే వాళ్లను వెంటబెట్టుకుని పోయి పనిలో పెట్టించింది, వచ్చి ఆ పూట అన్నం తినలేదు. కానీ షెడ్డు మూతపడలేదు. జోగిపేట, నారాయణఖేడ్ చిన్న చిన్న మైకుసెట్టు వాళ్లు, రెడీమేడ్ పీసులు డప్పులకు చినుగుతున్నాయని ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. ఉన్నవాళ్లకు పని దొరికింది. అంతకంటే పెద్దగా ఏమీ కాలేదు.

ఆయన ప్రోగ్రాములకు తర్వాత కూడా పోయేవాళ్లం. ఆమె ఎప్పటిలాగే స్తంభం దగ్గర నిలబడేది, ముందుకు పోలేదు. ఆ శాలువా షెడ్డులోనే ఉండిపోయింది. సాయంత్రం షట్టరు వేసే ముందు దుమ్ము పడకుండా గోడ మీది హారన్‌కు కప్పేది. "ఆయనకు కప్పకపోతిమి, దీనికన్న కప్పుదం" అనేది. పొద్దున రాగానే తీసి మడతపెట్టేది. ఆ పని ఇంకెవరినీ చేయనిచ్చేది కాదు.

ఆమె దినాలు అయిపోయాక షెడ్డు తెరిచాం. జోగిపేట మైకుసెట్టు అతనికి జాతర ఉంది, పీసులు కావాలి. శాలువా ఎవరు తీయాలో తెలియక అందరూ నిలబడ్డారు. నేనే తీసి మడతపెట్టాను. ఆమె పెట్టినట్టు మడత రాలేదు. పీసు బిగించాను. ఆడవాళ్లు మైకు ముందు కూర్చున్నారు కానీ చేతులు ఒళ్లో నుంచి లేపలేదు.

"ఆమె పోయిన ఇంట్ల సప్పట్లు ఎట్ల గొడ్తం బిడ్డా?" అంది యాదమ్మ.

"పీసు చూడకుండ ఎట్ల పంపుతం?" అని కసిరాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "గొట్టుండ్రి."

యాదమ్మ కొంగుతో మొహం తుడుచుకుని మొదలుపెట్టింది. మిగతావాళ్లు అందుకున్నారు. చప్పట్లు రేకుల కప్పుకు తగిలి తిరిగి వచ్చాయి. నేను హారన్ దగ్గరికి పోయాను. దాని వీపు మీద ఒకచోట రంగు పూర్తిగా పోయి, తెల్లటి రేకు బయటపడి ఉంది, ఆమె అరచెయ్యి అంత. అక్కడ చెయ్యి పెట్టాను. ఒక్కో చప్పటా వచ్చి అరచేతికి తగిలింది. రాగం ఎత్తుకోవాల్సిన చోటు వచ్చింది. ఎవరూ పాడలేదు. యాదమ్మ కళ్లు మూసుకుని, ఆ రాగం ఎంతసేపు పడుతుందో అంతసేపూ, పైమెట్టు దాకా పోయి దిగి వచ్చేంతసేపూ, తాళం తప్పకుండా చప్పట్లు కొడుతూనే ఉంది. మిగతా అందరూ ఆమెతో పాటు కొట్టారు. నేను చెయ్యి తీయలేదు. పొర ఎక్కడా చినగలేదు.